బిడ్డ తల మీద చెయ్యి

దీప పప్పుకు పోపు పెడుతుంటే దయాకర్ వెనక నుంచి వచ్చి ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టాడు. "నీ తోడు దీపా! సోమవారం సంది హరిణిని నేనే బడికి దింపుత."

"చెయ్యి తియ్యి, నూనె చిట్లుతున్నది."

ఈ మనిషికి ఒట్టంటే ఎంత తేలికో! బట్టలు మడతపెడతానని ఒట్టు, ఆదివారం వంట తనదేనని ఒట్టు. అన్నీ పెళ్లాం నెత్తి మీదే. వాళ్లమ్మ మీద వెయ్యడు, పెద్దావిడ పాపం. తన మీద వేసుకోడు, బీపీ ఉందట. అవన్నీ తగిలేవైతే దీప ఏనాడో కాటికి పోయేది. తను మాత్రం ఒక్కసారే వేసింది. హరిణి చంటిదిగా ఉన్నప్పుడు, బడిలో వేసేదాకా ఉద్యోగం మాటెత్తనని అత్తగారు పిల్ల తల మీద చెయ్యి పెట్టించింది. తోటివాళ్లంతా ఉద్యోగాల్లో ఎదిగిపోతుంటే దీప పళ్లు బిగబట్టి ఇంట్లో కూర్చుంది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఇప్పుడు నాచారంలో తను పనిచేసే మందుల కంపెనీ వాళ్లు ల్యాబ్ సూపర్‌వైజర్‌ని చేస్తామన్నారు. కాకపోతే పొద్దుటి షిఫ్టు, బోడుప్పల్‌లో చీకటితోనే బస్సెక్కాలి. ఇవాళ సరేననకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారు.

అత్తగారు సక్కుబాయి హరిణిని రెక్క పట్టుకుని వంటింట్లోకి తెచ్చింది. "పొద్దుగాల పిల్లకు జడలెవలేస్తరు, డబ్బా ఎవలు గడ్తరు? బిడ్డ తల మీద చెయ్యి వెట్టి చెప్పు, ఆ డ్యూటీ వద్దంటనని."

"మీ కొడుకు దింపుతనంటున్నడు గదా. ఆయనతోని ఏపియ్యుండ్రి బిడ్డ మీద ఒట్టు."

"వానిదేంది, ఏస్తడు. నాల్గొద్దులైతే మర్సిపోతడు."

దయాకర్ సిగ్గుపడలేదు సరికదా, నవ్వాడు. "అమ్మకు నా సంగతి మస్తు ఎరుకే!"

హరిణి బుద్ధిగా తల వంచి నిలబడింది, అమ్మ చెయ్యి కోసం. దీప ఆ వంచిన మెడ చూసింది. పిల్ల గడ్డం పట్టుకుని తల పైకెత్తింది. స్టవ్ ఆర్పి, ల్యాబ్‌కు ఫోన్ చేసింది.

"గౌతమి మేడమ్, సోమవారం పొద్దుటి షిఫ్టుకు వస్తున్న."

సక్కుబాయి బుగ్గలు నొక్కుకుంది. "అయ్యో, ఒక్క ఒట్టెయ్యమంటె ఎయ్యవైతివి! ఏం బోతుండె నీది?"

"నేనేస్తె తప్పను అత్తమ్మా," అంది దీప. "గందుకే ఎయ్య."