ఏడో జాగ్రత్త

మా వదిన క్రేన్ పరీక్ష రెండుసార్లు తప్పింది. రెండుసార్లూ ఒకే చోట.

గోదాములో ఎనిమిదేళ్లుగా కింద నిలబడి చేతిసైగలతో క్రేన్‌కు దారి చూపిన మనిషి. ఇక తనే పైకెక్కి నడపాలని పట్టుదల. అందుకు, క్రేన్ కదిలించేముందు చూసుకోవాల్సిన పన్నెండు జాగ్రత్తలు అధికారికి వరసగా అప్పజెప్పాలి. ఒక్కటి జారినా ఇంటిదారే. వదినకు ఏడోది జారేది: కొక్కెం నోటికి అడ్డుండే పట్టీ బిగువుగా ఉందా లేదా అన్నది. మూడోసారి కూడా తప్పితే మళ్లీ అవకాశమివ్వరు.

వయసు మీదపడుతోందిలే అన్నాడు అన్నయ్య. అద్దంలో చూసుకుంటూ అనుకోవాల్సిన మాట.

వదిన ఏడుస్తూ కూర్చోలేదు. మూడు రోజులు ఏదో గమనించి, నాలుగో రోజు నన్ను పిలిచింది. రోజూ సాయంత్రం కూరలు తరుగుతూ పాఠం మొదలెడుతుందట. ఏడోదానికి వచ్చేసరికి నేను ఆఫీసు నుంచి దిగబడి, టీ ఉందా వదినా అంటానట. టీ ఇచ్చి వెళ్లి ఎనిమిదోదాని దగ్గర ఎత్తుకుంటుందట.

"నేను మర్చిపోవట్లేదు. అసలది బుర్రలోకి ఎక్కితేగా మర్చిపోవడానికి," అంది.

ఆడబిడ్డ అర్ధమొగుడని ఊరికే అనలేదు. టీ పెట్టుకునే ఓపిక లేక మనిషి ఉద్యోగానికి ఎసరు పెట్టాను. సిగ్గేసింది.

ఆ రోజు నుంచి వదిన ఫోను పిండిడబ్బాలో, వదిన గదిలో, నేను గుమ్మంలో కాపలా. ఊడిన గుండీ పట్టుకొచ్చిన అన్నయ్యను వచ్చిన దారినే పంపాను. మూడు వారాలయ్యాక వదినే తలుపు తీసింది.

"ఇప్పుడు పిలువు. ఏడోదాని దగ్గరే పిలువు."

పిలిచాను. పళ్లెం కూడా కింద పడేశాను. వదిన తడబడలేదు.

పరీక్షనాడు గది బయట బెంచీ మీద నేను. లోపల ఆరోది పూర్తవుతుండగా అధికారి ఫోను మోగింది. ఎవరితోనో నీళ్ల పంపు గురించి చాలాసేపు మాట్లాడాడు.

"ఎక్కడున్నాం మనం?" అన్నాడాయన ఫోను పెట్టేసి. "ఆరోది చెప్పారా?"

"చెప్పాను సార్. మీకు అనుమానంగా ఉంటే మొదటినుంచీ చెప్తాను."

సొరుగు తెరిచి మూసిన చప్పుడు వినిపించింది. ఫోను అందులోకి వెళ్లినట్టుంది. వదిన ఒకటినుంచి మళ్లీ మొదలెట్టి పన్నెండూ చెప్పింది. ఏడోదాని దగ్గర మాత్రం గొంతు కాస్త పెంచింది, గోడ అవతలున్న నాకు వినపడాలని.