రెండో షెడ్డు కోళ్ళు

అమెరికాలోని ఆర్కన్సా కొండల్లో, లావోస్ నుంచి వలసొచ్చిన మా హ్మాంగ్ వాళ్ళం చాలామందిమి కోళ్ళఫారాల మీదే బతుకుతున్నాం. కోడిపిల్లలూ దాణా కంపెనీవి, షెడ్లూ చాకిరీ మావి. యాంటీబయాటిక్ చుక్క వాడకూడదు. దాణాలో బయటిది ఏం కలిపినా ఒప్పందం రద్దు. వరసగా మూడు బ్యాచ్‌లు పేగుల జబ్బుతో ఊడ్చుకుపోయాయి. ఇంకొకటి పోతే నాకిక కోడిపిల్లల్ని పంపేది లేదన్నారు. మా ఆయన పోయాక నాకున్న ఆధారం ఈ ఫారం ఒక్కటే.

మా అత్త పా న్యాకు మూలికలు తెలుసు. ఆమె ఆకుపొడి ఆ జబ్బును ఆపుతుందని కంపెనీ సూపర్‌వైజర్ లైల్ కాళ్ళావేళ్ళా పడి ఒప్పించాను. మొదటి షెడ్డుకు మందు, రెండో షెడ్డుకు ఉత్త దాణా వేయమన్నాడు. తేడా కనిపిస్తే ఒప్పందం నిలుస్తుంది, మందు కూడా కొంటారు.

నలభై రోజులకు రెండు షెడ్లలోనూ కోళ్ళు నిక్షేపంగా ఉన్నాయి. లైల్ పెదవి విరిచాడు. అసలు జబ్బే రాలేదని, మా ఆకుపొడి గడ్డితో సమానమని తేల్చేశాడు.

అత్తను నిలదీస్తే దాచలేదు. రెండో షెడ్డులో రక్తపు రెట్ట చూసి ఆగలేక అక్కడా మందు చల్లిందట. మాలో మందు తెలిసినవాళ్ళు జబ్బు ఎదురుగా ఉంటే లేదనకూడదు. లేదంటే ఇంట్లో కొలిచే మందు దేవతలు వెళ్ళిపోతారు. పుణ్యానికి పోతే పాపం ఎదురవడమంటే ఇదే. అనుమతి లేనిచోట మందు కలిపామన్న నిజం చెబితే ఒప్పందం ఆ క్షణమే పోతుంది. అందుకే నోరు మూసుకుని, లైల్‌ను బతిమాలి ఇంకొక్క బ్యాచ్ సంపాదించాను.

ఈసారి రెండో షెడ్డుకు తాళం వేశాను. చచ్చినవాటిని ఏరే పని మాత్రం అత్తకే అప్పగించాను. డెబ్బై నాలుగేళ్ళ మనిషి. రోజూ పొద్దున్నే ఆమె జేబులు తడిమి లోపలికి పంపేదాన్ని. ఆ పని నేనే చేసుకోగలను. ఆమెకు బుద్ధి రావాలని చేయించాను.

నాలుగో వారం బకెట్ కింద పెట్టి నా చెయ్యి పట్టుకుంది.

"ఒక్క దోసెడు వెయ్యనీవే అమ్మాయ్. నా కాళ్ళ దగ్గరకొచ్చి మరీ పడిపోతన్నాయి."

"పడనీ అత్తా. అయి చస్తేనే మనం బతికేది."

ఆ మాటకు నేనేమీ సిగ్గుపడలేదు. నూరు చచ్చిన రోజు ఊపిరి పీల్చుకున్నాను. మూడు వందలు చచ్చిన రోజు సంతోషంతో కోడిపులుసు వండాను. అత్త ముట్టుకోలేదు.

చివరి రోజు రెండు షెడ్లూ చూసి లైల్ నా చెయ్యి పట్టుకుని ఊపాడు. ఒప్పందం నిలిచింది. ఇక వంద బస్తాల పొడి కావాలని, ఏయే ఆకులో ఇప్పుడే చూపించమని అన్నాడు. నేను అత్త దగ్గరకు పరిగెత్తాను.

"నాకేం తెలీటం లేదమ్మాయ్," అంది. "మందు చేతిలో ఉండి కూడా చావనిచ్చాగా. దేవతలు ఎల్లిపోయారు."

పంతానికి అబద్ధమాడుతోందని భుజాలు పట్టి కుదిపాను. పెరట్లోకి లాక్కెళ్ళి ఒక్కో మొక్క ముందు నిలబెట్టాను. ప్రతి ఆకూ తుంచింది, నలిపింది, వాసన చూసింది. చూసి, ఇదేమిటని నన్నే అడిగింది.