తవిటమ్మ గడప

ఖిదిర్‌పూర్ బస్టాండు దాటి గోడౌను గోడ పక్కన నడిచేవాళ్ళందరూ ఒకచోటికి రాగానే పక్కకి తప్పుకుంటారు. ఆఫీసుకి ఆలస్యమైన బాబులైనా, చేపల బుట్ట నెత్తినెట్టుకున్న ఆడవాళ్ళైనా, ఫోన్లో పోట్లాడుకుంటూ పోయే కుర్రాళ్ళైనా అంతే. అక్కడ తవిటమ్మ గడప ఉంది. ఆవిడ రోజూ పొద్దున్నే దాన్ని కడిగి, కొంగుతో తుడిచి, పసుపు రాసి బొట్లు పెడుతుంది. చెప్పుకాలు తగిలిందా, ఆ మనిషికి ఆ పూట తిట్లే టిఫిను.

ఇల్లు పోయిన మనిషి ఎక్కడ పడుకుంటే అక్కడికి ఆ పోయిన ఇంటి గడప వచ్చి చేరుతుంది. కొందరిది చెక్కది, కొందరిది సిమెంటుది, ఒకాయనదైతే ఒట్టి ఇటుకల వరస. వీధులు ఊడ్చేవాళ్ళు వాటి చుట్టూ ఊడ్చుకుపోతారు. వాన పడ్డప్పుడల్లా గడప కొంచెం కొంచెం నేలలోకి దిగుతుంది. మొత్తం దిగిపోతే మనిషి కూడా ఉండడు. నిరుటి వానల్లో పక్కన పడుకునే జగ్గమ్మ గడప అలాగే పోయింది. తెల్లారి చూస్తే అక్కడ రాయి నున్నగా ఉంది, జగ్గమ్మ దుప్పటి ఒక్కటే మిగిలింది. ఆ దుప్పటిని చాలా రోజులు ఎవరూ ముట్టుకోలేదు. ఇప్పుడు తవిటమ్మ గడప వేలెడు ఎత్తుంది, ఆకాశం చూస్తే వాన రేపో మాపో అన్నట్టుంది.

మేరీరాణి ఆ దారిన వెళ్ళినప్పుడల్లా ఆ గడప ఎంత మిగిలిందో కంటితో కొలుచుకునేది. ఆమె ఆ పక్కనే గార్డెన్ రీచ్‌లో పుట్టి పెరిగిన పిల్ల. తెలుగు ఇంట్లో దంచేస్తుంది, చదవమంటే మాత్రం తడుముకుంటుంది. ఇల్లు లేనివాళ్ళకి నీడ వెతికిపెట్టే ఒక చిన్న సంస్థలో పని. ఈసారి ఆ సంస్థకి నది అవతల సంత్రాగాఛిలో కొన్ని అద్దె గదులూ, ఒక హాల్లో మంచాలూ దొరికాయి. ఒంటరివాళ్ళకి మంచం, ఇద్దరుంటే గది. అడిగేవాళ్ళు బోలెడుమంది. ఎవరి అవసరం ముందో ఏ పద్ధతిలో తేల్చాలన్నదే ఆఫీసులో తెగని గొడవ. హైదరాబాదు నుంచి వచ్చిన మౌక్తిక ఒక ఫోను పద్ధతి తయారుచేసింది. నిలబడి ప్రశ్నలు అడిగి జవాబులు నొక్కితే చాలు, మార్కులు వాటంతటవే పడతాయి. కష్టం ఎంత ఎక్కువైతే మార్కులు అంత ఎక్కువ. ఇంకోటి పాత పద్ధతి, పక్కన కూర్చుని తీరిగ్గా మాట్లాడి రాసుకోవడం. రెండూ ఒకే మనుషుల మీద చేసి చూడమని సంస్థ పెద్దావిడ శర్మిష్ఠాదీ మేరీరాణికి పురమాయించింది.

ముందు ఫోను పట్టుకెళ్ళి, తవిటమ్మ గడప ఇవతల నిలబడి అడిగింది.

"ఒంట్లో ఎలాగుంది, అత్తా?"

"బాగానే ఉన్నాం."

"రాత్రుళ్ళు ఎవరైనా ఇబ్బంది పెడతన్నారా?"

"మమ్మల్ని ఎవులేటి సేస్తారు?"

"తిండి?"

"తిన్నాం. నువ్వు తిన్నావేటి?"

ఆ వీధి మొత్తానికి సుఖంగా ఉన్నది తవిటమ్మేనని ఫోను తేల్చేసింది. ఎంతమందన్న చోట ఒంటరి అని మేరీరాణే నొక్కింది. కంటికి కనబడింది ఒక్కతే కదా.

రెండోసారి కూర్చుని అడుగుదామని, మట్టి ముంతలో టీ కూడా పట్టుకెళ్ళి గడప మీంచి అందించింది. తవిటమ్మ చెయ్యి చాపలేదు.

"గడపకి అటొకలు ఇటొకలు నిలబడి ఇచ్చుకోడం పుచ్చుకోడం కూడదు. ఆమాత్రం తెల్దేటి? లోపలికొచ్చి కూకో."

మేరీరాణి ఒక అడుగు వెనక్కి వేసింది. వీధి గడపలు దాటొద్దని చిన్నప్పుడు అమ్మ వీపు మీద రెండేసి మరీ చెప్పింది. దాటితే ఆ ఇంట్లో పోయినవాళ్ళ మాట వినబడుతుంది, విన్నాక కాదనడం ఎవరి తరమూ కాదు. కాని టీ చల్లారిపోతోంది, ముసలామె ఎదురు చూస్తోంది. కుడికాలు ముందుపెట్టి దాటింది.

లోపల ఏమీ మారలేదు. అదే గోడ, అదే బొంత. బస్సుల మోత మాత్రం తలుపు వేసినట్టు తగ్గిపోయింది. కిరసనాయిలు వాసన, ఎండుచేపల వాసన. ఎక్కడో దగ్గర్లోనే ఒక మగమనిషి దగ్గాడు. మేరీరాణి వెనక్కి తిరిగి చూసింది, గోడ తప్ప ఎవరూ లేరు.

"ఎవులొచ్చారే?" అంది ఆ గొంతు.

"మన మేరీ."

"కూకోమను. అన్నీ సెప్పీ. ఏటీ దాయకు."

తవిటమ్మ టీ ముంత అందుకుని కింద పెట్టింది. మొగుడు సూరన్న కాలవలు తీసే పనిలో ఛాతీ పాడై చనిపోయాడు. ఆయన పోయాక ఉన్న రేకుల గదీ పోయింది. గడపతోపాటు సూరన్నా వచ్చాడు గాని, పరాయివాళ్ళ ముందు ఇన్నాళ్ళూ దగ్గు తప్ప నోరు మెదిపింది లేదు.

అప్పుడు చెప్పింది తవిటమ్మ. ఎడమ కన్ను కనబడదు. దగ్గితే రక్తం పడుతోంది. చలికాలంలో ఒకడు దుప్పటి లాగి మీద చెయ్యి వేశాడు, అప్పట్నుంచి చీకటి పడితే గడప పట్టుకుని కూర్చుంటుంది, కన్ను ముయ్యదు.

"మరి మొన్న బాగానే ఉన్నామన్నావు?" మేరీరాణికి ఏడుపొచ్చింది.

"గుమ్మంలో నిలబడి అడిగినోల్లకి ఇంటిగుట్టు సెప్పుకుంతామేటే?"

"హాల్లో మంచం ఇస్తే వెళ్తావా?"

"ఈయన్నొగ్గీసా? ఎల్లను."

ఎంతమందన్న చోట మేరీరాణి ఈసారి ఇద్దరని రాసింది. తనని కూర్చోమన్న మనిషిని లేడని ఎలా రాస్తుంది?

మీటింగులో ఆ కాగితాలు చూసి శర్మిష్ఠాదీ కళ్ళజోడు సర్దుకుంది. "అట్టడుగున ఉన్న మనిషి అందరికంటే పైకెలా వచ్చింది?"

"లోపల కూర్చుని అడిగాను, దీదీ."

"భర్త ఉన్నాడా?"

"ఉన్నాడు. మాట్లాడాడు."

శర్మిష్ఠాదీ తలూపి గదికి సంతకం పెట్టింది.

మౌక్తిక ఊరుకోలేదు. "అక్కా, మీరు చెప్పేది నిజమే. కాని మీరు ఒక్కరి దగ్గర కూర్చునేలోపు నేను వీధి మొత్తం అడిగేస్త. వానలొస్తున్నయి. మీరు పోయేలోపు దిగిపోయేటోళ్ళ సంగతేంది?"

అయినా కూర్చుని అడిగే పద్ధతే ఖాయమైంది, పని త్వరగా తెమలడానికి మౌక్తిక కూడా వెళ్ళి కూర్చోవాలన్నారు. "గడప దాటాలంటే నాకు భయమక్కా" అంది ఆ పిల్ల. "నాకు మాత్రం లేదా?" అంది మేరీరాణి.

ఈలోగా రెండు వానలు పడ్డాయి. మేరీరాణి తాళంచెవి పట్టుకుని వచ్చేసరికి గడప అరటాకు మందాన మిగిలింది. తవిటమ్మ మూట కట్టుకుని సిద్ధంగా ఉంది. వెనక్కి తిరిగి, "పద" అంది.

"నువ్వెల్లు" అన్నాడు సూరన్న.

"నువ్వెల్లంటే ఏటి? ఇద్దరికని రాసింది పిల్ల."

"రాయాలనే కదే నోరిప్పాను. ఒక్కదానివంటే మంచమే ఇత్తారు. ఈ గడపని ఇన్నాల్లూ కిందనుంచి పట్టుకునున్నాను, ఇక మొయ్యలేను. నువ్వు దాటీసీదాకా పట్టుకుంతాను. ఏగిరం దాటు."

తవిటమ్మ కదల్లేదు. ఆమె చూస్తుండగానే పసుపు మీదికి బురదనీళ్ళు ఎక్కాయి. లోపల సూరన్న బరువు ఎత్తేవాడిలా మూలిగాడు. మేరీరాణి ఆమె చెయ్యి పట్టుకుని ఇవతలికి ఒక్క లాగు లాగింది. రెండో పాదం కూడా ఇవతల పడగానే అక్కడ రాయి తప్ప ఏమీ లేదు.

బస్సులో తవిటమ్మ ఏడవలేదు. మూట ఒళ్ళో పెట్టుకుని మొగుణ్ణి తిట్టడం మొదలెట్టింది. బతికున్నప్పుడూ చెప్పాపెట్టకుండా పోయేవాడు, సచ్చినా ఆ బుద్ధి పోలేదంది. నన్నొక్కదాన్నీ ఆ గదిలో ఏటి సెయ్యమంతావంది. ప్రతి తిట్టుకీ కాస్త ఆగి, చెవి పెట్టి, మళ్ళీ అందుకునేది. మేరీరాణి ఆమె మోకాలి మీద చెయ్యి వేసి కూర్చుంది. సంత్రాగాఛి వచ్చేదాకా ఒక్క తిట్టుకీ జవాబు రాలేదు.