వేళ్లకు నలభయ్యో రోజు

పెంకులు కాల్చే తెగల్‌బతా ఊళ్లో బట్టీలకంటే మర్యాద ఎక్కువ. అతిథి ఏమడిగినా "ఇంగ్గీ" అనాలి, అంటే అవునండీ అని. కాదు అనడమంటే పెళ్లికి చొక్కా లేకుండా వెళ్లినట్టే. ఈ మర్యాదే ఊరి కొంప ముంచింది.

పట్నం విశ్వవిద్యాలయం నుంచి కినంతి అనే అమ్మాయి వచ్చింది. ఊరి నిధులు ఎటు పోతున్నాయి, పెంకుల పనివాళ్లకు భద్రత ఎంత అన్నది ఆమె పరిశోధన. ఇల్లిల్లూ తిరిగి, చాప మీద కూర్చుని, ఎంతో మెత్తగా అడిగింది. "మట్టి పిసికే మిషను దగ్గర ప్రమాదమేమీ లేదు కదండీ?" అని ఆమె అనడం, "ఇంగ్గీ, లేదండీ" అని వీళ్లు తియ్యటి టీ అందించడం. లెగిమాన్ అయితే మరీ ఘనుడు. ఆ మిషను రోలర్ల మధ్య కుడిచేతి వేళ్లు రెండు పోగొట్టుకుని అప్పటికి నెల కూడా కాలేదు. కట్టు కట్టిన చేతిని లుంగీ మడతలో దాచాడు. ఎడమచేత్తో ఇస్తే అమర్యాద అని టీ గ్లాసు పెళ్లాం తుమిరా చేత ఇప్పించాడు. ఇప్పించి, "హాయిగా ఉందండీ పని" అన్నాడు.

తుమిరా పక్కనే నిలబడి తలూపింది. అలా ఊపినందుకు ఆమె తర్వాత ఎన్నిసార్లు తన నెత్తి తానే మొట్టుకుందో లెక్కలేదు.

ఎందుకంటే ఆ మిషను ఊరిదే, ఊరి నిధులతో కొన్నదే. దాని రోలర్లకు మూత పెట్టించి, చేతికందే చోట ఆపే స్విచ్చి బిగించాలని లెగిమాన్ వేళ్లు పోయిన కొత్తలో ఊరి సమావేశంలో అనుకున్నారు. అంతలో కినంతి నివేదిక వచ్చింది. పనివాళ్లందరూ క్షేమం, అందరూ సంతుష్టులు. ఊరిపెద్ద పేరు వసితో, ఊరివాళ్లకు పాక్ లురా. ఆయన దాన్ని కళ్లకద్దుకున్నాడు. మూత డబ్బుల్ని కొండ మీద కట్టబోయే ఇనప హృదయం బొమ్మకు మళ్లించాడు. జంటలు వచ్చి ఆ హృదయంలో నిలబడి ఫోటోలు దిగుతారట, టిక్కెట్లు కొంటారట, ఊరు బాగుపడుతుందట. వసితో చెడ్డవాడేమీ కాదు. ఫోటో అంటే మాత్రం ఒళ్లు తెలియదు.

లెగిమాన్ ఇక మిషను పనికి పనికిరాడు. వచ్చే సోమవారం నుంచి ఆ చోట తుమిరా దిగాలి. దిగకపోతే పొయ్యి వెలగదు. ఆగలేక ఊరిపెద్ద ఆఫీసుకు వెళ్లింది.

"పాక్ లురా, ఆ మూత సంగతి..."

"ఇంగ్గీ, ఇంగ్గీ, తుమిరమ్మా. తప్పకుండా చూద్దాం," అన్నాడు వసితో నవ్వుతూ. "అయినా పరిశోధన జరిగిందిగా. మీ ఆయన కూడా హాయిగా ఉందన్నాడట."

తనకూ ఇంగ్గీ దక్కిందని తుమిరాకు అర్థమైంది. ఇక మూత వచ్చినట్టే.

ఇంటికి పోకుండా తిన్నగా మోదిన్ దగ్గరికి నడిచింది. ఊళ్లో చావుకైనా పుట్టుకకైనా పెట్టే స్లమెతాన్ విందులో ప్రార్థన చదివేది ఆయనే.

"ఈ గురువారానికి నలభయ్యో రోజండీ. మా ఇంట్లో స్లమెతాన్ పెడుతున్నాం, వచ్చి చదవాలి."

"ఎవరు పోయారమ్మా?" అన్నాడు మోదిన్ గాభరాగా.

"మా ఆయన వేళ్లండీ."

"వేళ్లకు ఎవరైనా నలభయ్యో రోజు చేస్తారా?"

"తెల్లగుడ్డ చుట్టి పెరట్లో పాతిపెట్టాం కదండీ. మూడో రోజు, ఏడో రోజు ఆస్పత్రిలో గడిచిపోయాయి. లేని వేళ్లు ఆయనకి ఇంకా నొప్పి పుడుతున్నాయి. వాటికి శాంతి లేనట్టేగా?"

మతగ్రంథాల్లో ఈ ప్రశ్నకు జవాబు ఎక్కడుందో మోదిన్‌కు తోచలేదు. కోడిని మొత్తంగా వండుతున్నానని తుమిరా చెప్పాక ఆయన వెతకనూ లేదు.

స్లమెతాన్‌కు పిలిస్తే రానివాడు ఆ ఊళ్లో ఉండడు, ఊరిపెద్దయినా సరే. గురువారం సాయంత్రం మగవాళ్లంతా చాపల మీద వరసగా కూర్చున్నారు. నడుమ శంకువులా కుప్పపోసిన పసుపన్నం, పక్కన కాళ్లు ముడుచుకున్న కోడి. వసితో పెద్దరికంగా అన్నం ఎదురుగా కూర్చున్నాడు. నివేదిక ప్రతులు పంచడానికి వచ్చిన కినంతిని కూడా తుమిరా పిలిచింది. ఆమెను ఆడవాళ్లు వంటింట్లోకి లాక్కెళ్లి కొబ్బరి తురమమన్నారు.

"ఎవరి పేరు మీద చదవమంటారు?" అని మోదిన్ గొంతు సవరించుకున్నాడు.

"కుడిచేతి చూపుడువేలు, నడిమివేలు," అన్నాడు లెగిమాన్ బుద్ధిగా.

"తండ్రి పేరు?"

"నేనేనండీ."

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. అప్పుడు ముసలి పొనిరిన్ చెయ్యెత్తాడు. ఇంకొకరి స్లమెతాన్‌లో తమవాళ్ల పేర్లు కలపమనడం ఆ ఊళ్లో మామూలే. "మోదిన్ గారూ, ఎలాగూ చదువుతున్నారు, నా బొటనవేలు కూడా కలపండి. ఆ మిషనులోనే పోయి చాలా ఏళ్లయింది, దాని మొహాన ఒక్క ప్రార్థన పడలేదు."

"నా చిటికెనవేలు కూడా."

"మా తమ్ముడివి మూడండీ. వాడు రాలేకపోయాడు, చెప్పమన్నాడు."

"మా అత్త మణికట్టు," అని వంటింట్లోంచి ఒక ఆడగొంతు వినిపించింది.

వేళ్లు వస్తూనే ఉన్నాయి. మోదిన్ అన్నీ గుర్తుపెట్టుకోలేక తంటాలు పడ్డాడు. వంటింట్లో కినంతి చేతిలో కొబ్బరి చిప్ప ఆగిపోయింది. "ఇన్నాళ్లూ నాకెవరూ చెప్పలేదేం?" అంది.

"ప్రమాదం లేదు కదా అని అడిగావు తల్లీ," అంది పక్కనున్నావిడ. "ఇంటికొచ్చిన పిల్లని కాదని ఎలా అంటాం?"

వసితో ముఖం కందగడ్డయింది. "పాపం, పాతవన్నీ దైవనిర్ణయాలు," అన్నాడు. "ఈ ఏడు నిధులు హృదయానికి రాసేశాం. మూత సంగతి వచ్చే ఏడు సమావేశంలో తప్పకుండా..."

తుమిరా వంటింటి గుమ్మంలోకి వచ్చింది. చేతిలో అన్నం గరిటె ఉంది.

"సరేనండీ పాక్ లురా. మోదిన్ గారూ, అయితే నా పది వేళ్లు కూడా ఇప్పుడే చదివేయండి. సోమవారం నుంచి మిషను దగ్గర నేనే. మళ్లీ ఇంకో కోడిని కొయ్యడం మావల్ల కాదు."

మోదిన్ దిక్కులు చూశాడు. భోజనం పెట్టే ఇల్లాలి మాట తీసెయ్యకూడదు. తప్పదన్నట్టు అరచేతులు పైకెత్తాడు.

"కర్సో కూతురు తుమిరా, కుడిచేతి బొటనవేలు..."

బతికున్న మనిషి పేరు పోయినవాళ్ల ప్రార్థనలో పడేసరికి చాపల మీద ఊపిరి ఆగింది. లెగిమాన్ తల నేలకు వాల్చేశాడు. "కుడిచేతి చూపుడువేలు," అన్నాడు మోదిన్.

"ఆపండి," అన్నాడు వసితో.

మోదిన్ ఆపాడు.

"ఆపండి మోదిన్ గారూ, నేను వినలేను." వసితో నుదుటి చెమట తుడుచుకున్నాడు. "మిషను రేపే ఆపేయండి. మూత పడేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోవద్దు. హృదయానికి తెచ్చిన ఇనుమంతా పొద్దున్నే మూత కోసం కమ్మరికి పంపుతాను. ఫోటోలు దిగేవాళ్లు ఊరికే కొండ మీద నిలబడి దిగుతారు."

"కూలి ఆగకూడదు పాక్ లురా, మిషను ఆగిన రోజులకి కూడా," అన్నాడు పొనిరిన్.

"ఆగదు," అన్నాడు వసితో. కినంతి గుమ్మంలోకి వచ్చి నిలబడి ఆ మాట రాసుకోవడం అందరూ చూశారు.

మోదిన్ ఎత్తిన చేతులు దించాలో వద్దో తెలియక, చివరికి మిగతా వేళ్లకు శాంతి కోరి ముగించాడు. కోడిని పంచడం మొదలైంది. తుమిరా గరిటె పక్కావిడకి ఇచ్చేసింది. మోదిన్ తన పేరు పలికినప్పుడు ఆమె నిజంగానే హడలిపోయింది, అది తాను ఆడించిన ఆటే అయినా. వంటింట్లోకి వెళ్లి కొబ్బరిచిప్పల మధ్య కూలబడింది. రెండు చేతులూ ఒళ్లో పరుచుకుని, పది వేళ్లనూ చూసుకుంటూ, ఆడవాళ్లందరి ముందూ భోరుమని ఏడ్చింది.