దానంతటదే పేలిందట

నేను ఒక పిస్టల్‌ని. నా గొట్టమూ, దాని మీద ముందుకూ వెనక్కూ జారే భాగమూ ఉక్కువి. చేతికి తగిలే మిగతా ఒళ్లంతా పాలిమర్. పాలిమర్ అనే మాట వాడింది నన్ను అమ్మినవాడొక్కడే. మిగిలిన లోకమంతా ప్లాస్టిక్ అంటుంది.

ఫ్యాక్టరీలో నా ఒళ్లు మూసలోంచి రావడానికి ఒక మనిషి టీ తాగినంత సేపు కూడా పట్టలేదు. అక్కడ అందరం ఒకేలా ఉండేవాళ్లం కాబట్టి ఎవరికీ చిన్నతనం తెలియలేదు. హైదరాబాదులో ఒక ఆయుధాల దుకాణానికి వచ్చాకే నాకు ధర ఉందని, అది తక్కువని తెలిసింది. వచ్చినవాళ్లు పై అరలో ఉన్న విదేశీ పిస్టళ్లను చూసి నోరెళ్లబెట్టి, ధర విని నోరు మూసుకుని, చివరికి నా వైపు తిరిగేవారు. "ఈ ధరకి బానే ఉంది" అనేవారు. బాగుంది అన్నవాడు ఒక్కడూ లేడు.

నన్ను కొన్నది ఆదోని నుంచి వచ్చిన మల్లప్ప. అన్నదమ్ములు ఇద్దరికీ పత్తి జిన్నింగు మిల్లులో చెరి సగం. తండ్రి పోయాక మిల్లును పంచుకున్నారు, ఇంటి మధ్య గోడ కట్టుకున్నారు. తండ్రి పిస్టల్‌ను మాత్రం రెండు ముక్కలు చేయలేరు కదా. అది లైసెన్సుతో సహా అన్న చెన్నబసప్పకు పోయింది. ఆ రోజు నుంచి మల్లప్పకు కంటి నిండా నిద్ర లేదు. రెండేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగి తనూ లైసెన్సు సంపాదించాడు.

నన్ను ఇంటికి తెచ్చిన రోజు అతని భార్య పంపావతి వంటింటి గడప దాటలేదు. "పామును తెచ్చి బీరువాలో పెడ్తాండావా?" అంది. మల్లప్ప అదేమీ వినకుండా నన్ను తీసుకుని గోడ అవతలికి, అన్నకు చూపించడానికి వెళ్లాడు.

అప్పుడు చూశాను దాన్ని. నల్లని ఉక్కు ఒళ్లు, అంచుల్లో రంగు అరిగి వెండిలా మెరుస్తోంది. పిడికి రెండు వైపులా చెక్క, ముగ్గురు నలుగురి అరచేతుల్లో నునుపెక్కిన చెక్క. చెన్నబసప్ప దాన్ని ఎర్రని వెల్వెట్ గుడ్డలో పడుకోబెట్టాడు. నన్ను ఒక చేత్తో ఎగరేసి పట్టుకుని, "ఏంరా, ఇంత తేలిగ్గా ఉండాది? లోపల ఏమన్నా పెట్టినారా, లేదా?" అని నవ్వాడు. మల్లప్ప కూడా నవ్వాడు. ఇంటికొచ్చాక నన్ను బీరువాలో చీరల కింద పడేసి తలుపు గట్టిగా వేశాడు.

వాళ్లిద్దరూ నెలకోసారి రైఫిల్ క్లబ్‌కు వెళ్లేవారు. అక్కడికి వచ్చేవాళ్లకు కాల్చడం కంటే ఒకరి తుపాకీ గురించి ఒకరు మాట్లాడటం ఎక్కువ ఇష్టం. "చేతిలో బొమ్మ పట్టుకున్నట్టుంది" అని ఒక కాంట్రాక్టరు. "రోజూ నడుముకు పెట్టుకోవాలంటే ఇదే నయం, బరువుండదు" అని ఒక పళ్ల డాక్టరు. ఆ డాక్టరు మాట నేను ఏడాది పాటు దాచుకున్నాను. చెన్నబసప్ప పిస్టల్ మూడు గుళ్లకు ఒకసారి ఇరుక్కునేది. అప్పుడు అందరూ చుట్టూ చేరి, "పాతకాలం సరుకు, దాని మర్యాదలు దానికుంటాయి" అని ముద్దు చేసేవారు. నేను ఒక్కసారీ ఇరుక్కోలేదు. అయితే ఇరుక్కోనిదాన్ని ఎవరు గమనిస్తారు? మల్లప్ప కూడా గమనించలేదు. తన వంతు కాల్చేసి అన్న చేతి వైపే చూసేవాడు. నేనూ అటే చూసేదాన్ని. ఆ ఒక్క విషయంలో మా ఇద్దరికీ బాగా కుదిరింది.

చెన్నబసప్ప కూతురి పెళ్లి నాడు, ఉదయం పదింటికి, మగపెళ్లివారు కళ్యాణమండపం ముందు దిగారు. డోలు మోగుతోంది. చెన్నబసప్ప పట్టుపంచె మీద తోలు బెల్టు కట్టి తండ్రి పిస్టల్ పెట్టుకున్నాడు. పెళ్లికొడుకు మేనమామ దాన్ని చూడాలని ముచ్చటపడ్డాడు. చెన్నబసప్ప గుళ్లు తీసేసి చేతికిచ్చాడు. అది ఆ చేతి నుంచి ఈ చేతికి, ఈ చేతి నుంచి ఇంకో చేతికి, చంటిపిల్లలా తిరిగింది.

మేనమామ మల్లప్ప నడుము వైపు చూసి, "మీ తమ్మునిది ఏం కంపెనీ?" అని అడిగాడు.

"వాందా? ప్లాస్టిక్‌ది లెండి" అన్నాడు చెన్నబసప్ప.

అందులో విషం లేదు. పెళ్లి సంబరంలో నోటికొచ్చిన మాట. కానీ పది మంది నవ్వారు. మల్లప్ప మెడ మీద నరం లేచింది. నన్ను బయటికి లాగాడు. "ప్లాస్టిక్‌ది ఎట్ల పలుకుతాదో ఇనండి!" అంటూ గుండు ఎక్కించి చెయ్యి పైకెత్తబోయాడు.

డోలు ఆగింది. మండపం ముందున్న ప్రతి కన్నూ నా మీదే. ఎదురుగా ఎవరి చేతిలోనో ఆ చెక్క పిడి పిస్టల్ ఉంది, దాన్ని చూసేవాడు లేడు. దాచుకుని లాభం లేదు, నాకు సంతోషమేసింది.

"ఒరే, పిల్లలుండారు!" అని చెన్నబసప్ప పరుగున వచ్చి తమ్ముడి చెయ్యి పట్టుకున్నాడు. మల్లప్ప విదిలించుకున్నాడు. వేలు బిగిసింది. ఆ వేలిలో కంగారు ఎంతో, ఏళ్లనాటి కడుపుమంట ఎంతో దాని కిందే ఉన్న నాకూ తెలియలేదు. గుండు చెన్నబసప్ప ఎడమ భుజంలోంచి దూసుకుపోయింది.

సాయంత్రం ఆసుపత్రికి ఎస్సై నన్ను ప్లాస్టిక్ సంచిలో వేసి తెచ్చాడు. చెన్నబసప్ప భుజానికి కట్టు, ముఖంలో నెత్తురు లేదు. మంచం పక్కన తలుపుకు ఆనుకుని మల్లప్ప, అతని వెనక పంపావతి.

"ఎట్ల జరిగింది సార్?" అన్నాడు ఎస్సై.

చెన్నబసప్ప తమ్ముడి వైపు చూడలేదు. "వాని బెల్టులోంచి జారి కింద పడింది. దానంతటదే పేలింది. చవక సరుకు సార్, ప్లాస్టిక్‌ది. మా నాయన పిస్టలైతే ఇట్లాంటి పని చెయ్యదు" అన్నాడు.

పంపావతి మల్లప్ప మోచెయ్యి గిచ్చింది. "అవును సార్. దానంతటదే..." అన్నాడు.

పెళ్లికి వచ్చినవాళ్లంతా అదే చెప్పారు. నవ్విన పది మందీ చెప్పారు. ఒంట్లో ప్రాణమంటూ ఉంటే ఆ సంచి చింపుకుని అరిచేదాన్ని. అబద్ధంలో కూడా పొగడ్త ఆ పాత పిస్టల్‌కే!

నన్ను పరీక్షకు ల్యాబుకు పంపారు. అక్కడ నసీమా అనే అధికారిణి, చేతులకు తొడుగులు వేసుకుని, వారం రోజులు నా మీద పని చేసింది. మందు లేని గుండు పెట్టి సిమెంటు నేల మీద, చెక్క మీద, ఒకసారి గొట్టం కిందికి, ఒకసారి పిడి కిందికి వచ్చేలా పడేసింది. సుత్తితో కొట్టింది. ట్రిగ్గరుకు త్రాసు కట్టి లాగింది. నేను పేలలేదు. ఆఖరి రోజు తన కింద పనిచేసే అతనితో, "ధర చూసి తీసిపారేయకండి. ఇంత పద్ధతిగా పనిచేసేవి మన దగ్గరికి తక్కువ వస్తాయి. దీని తప్పేం లేదు, రాసుకోండి" అంది.

నా గురించి ఒక మనిషి అలా అనగా వినాలని పుట్టిన్నాటి నుంచి ఎదురుచూశాను. ఆ కాగితం మీద ముద్ర పడుతుంటే పొంగిపోయాను.

కోర్టులో దాన్ని చదివారు. 'ట్రిగ్గరు నొక్కనిదే పేలే అవకాశం లేదు' అనే వాక్యం దగ్గర పంపావతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నన్ను మెచ్చుకున్న ప్రతి మాటా ఆమె భర్తను జైలు వైపు ఒక అడుగు నెడుతోందని అప్పుడు తెలిసింది నాకు.

బోనులో చెన్నబసప్ప మొండికేశాడు. ఎడమ చెయ్యి ఇంకా పైకి లేవడం లేదు. "కాగితాలు ఏమన్నా చెప్పనీ సార్. తప్పు తుపాకీదే" అన్నాడు.

అప్పుడు మల్లప్ప లేచాడు. లాయరు కూర్చోమన్నా కూర్చోలేదు.

"మా అన్న అబద్ధం చెప్తాండాడు సార్, నా కోసరం. ఏలు నాదే. అది మంచి పిస్టలే. నేనే..."

నన్ను మంచిదన్న నా యజమాని మొదటి మాట అది. కానీ ఆ పూట దాన్ని నేనూ సరిగా వినలేకపోయాను. ఎందుకంటే చెన్నబసప్ప బోను దిగి, పనిచేసే ఆ ఒక్క చేత్తో తమ్ముడి చెయ్యి పట్టుకున్నాడు. నా ట్రిగ్గరు నొక్కిన చెయ్యే అది. కానిస్టేబుళ్లు ఆగమన్నా వదల్లేదు. పోలీసు జీపు దాకా అలాగే నడిచారు.

మల్లప్పకు శిక్ష పడింది, నన్ను ధ్వంసం చేయమని ఉత్తర్వు వచ్చింది. చెన్నబసప్ప తండ్రి పిస్టల్‌ను తనే తెచ్చి స్టేషనులో అప్పగించాడట. ఇప్పుడు అది ఇక్కడ, స్టేషను గదిలో, నా పక్క అరలోనే, ఒక చీటీ కట్టుకుని, దుమ్ము పట్టి ఉంది. దాని మీద నాకు అసూయ పోయింది. జీపు దాకా ఒకదాన్నొకటి వదలని ఆ చేతుల మీద మాత్రం పోలేదు.