అక్క మెలిక

అయినా కిందికెళ్ళి పొయ్యి మీది పాలు దించి రావడానికి ఎంతసేపు పట్టి ఉంటుంది? ఈలోగా ఎవరొస్తారు? వచ్చినా, ఈ అల్లిక పని తెలిసినవాళ్ళు ఈ ఇంట్లో తను తప్ప ఎవరున్నారు? తెలిసిన ఇంకొకరు, అక్క, పోయి ఏడాది కావస్తోంది.

చెల్లెలు కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చూసింది. అల్లిక మిషను సూదులకు అక్క సగంలో వదిలేసిన స్వెటరు ముక్క వేలాడుతోంది. దాని అంచు చుట్టుకుపోకుండా ఉబ్బు చారలు తేవాలి. అందుకు బాగున్న కుట్టునే కావాలని సూది మీంచి జార్చాలి. అది అంచుదాకా జారిపోయి, నిచ్చెన మెట్లలాగా అడ్డదారాలు మిగులుస్తుంది. కొసన తెరుచుకుని మూసుకునే నాలుకున్న కొక్కెంతో ఆ మెట్లను కిందినుంచి ఒక్కొక్కటే ఎత్తుకుంటూ రావాలి.

కిందికెళ్ళేముందు తను ఒక నిచ్చెనను ఎత్తకుండా వదిలింది. ఇప్పుడక్కడ చార ఉంది. చారలో ప్రతి కుట్టూ మెలి తిరిగి ఉంది.

అక్కది ఎడమచేతి వాటం. మణికట్టు తిప్పి అల్లేది, కుట్టుకుట్టుకీ మెలి పడేది. "నీ మాటా మెలికే, నీ అల్లికా మెలికే" అని బావ ఏడిపిస్తే, "మెలిక లేకపోతే అది నేనెలా అవుతాను మహానుభావా?" అనేది.

విప్పేయాలి, అక్క కూతురు చూడకముందే. కానీ పిల్ల పేచీ కూడా దీని గురించే. అమ్మ అల్లిందైతేనే వేసుకుంటుందట. చూస్తే చలి ముదిరిపోయింది. రేపు మిషను కొనుక్కున్నవాళ్ళు వచ్చి పట్టుకుపోతారు.

మెట్ల మీద అడుగులు. అక్క కూతురు బడిసంచి విసిరేసి, వచ్చీ రాగానే చారను తడిమింది.

"పిన్నీ, ఇది ఇప్పుడే చేశావా?"

"నేను కాదే."

"చాల్లే, కోతలు! నిన్న గుమ్మంలోంచి చూశాగా. ఎడంచేత్తో అల్లుతున్నావు. పిలిస్తే తిరగనైనా తిరక్కుండా, 'ఉండవే నా కందిరీగా' అన్నావు."

కందిరీగ. అది అక్క పెట్టుకున్న ముద్దుపేరు. తన నోట ఒక్కనాడూ రాలేదు. ఆమె ఎడమచెయ్యి తిప్పి చూసుకుంది. చూపుడువేలి మీద కొక్కెం ఒత్తిన గీత, ఇంకా ఎర్రగానే ఉంది.

అక్క వచ్చిందా? అసలు తను కిందికి వెళ్ళిందా? వెళితే, ఆ కాసేపూ ఈ కుర్చీలో ఎవరున్నట్టు? అయినా లేచిపోవాలనిపించలేదు.

"వేసుకుంటావా మరి?" అంది మెల్లగా.

పిల్ల మెలికల మీద బుగ్గ ఆనించింది. "ఊఁ. ఇది అమ్మదే."

ఒక్క చారే మిగిలింది. ఆమె చివరి కుట్టును జార్చింది. అది మెట్టు మెట్టుకీ నిచ్చెనను విడుస్తూ కిందికి దిగిపోయింది. కుడిచేతిలో కొక్కెం నాలుక టక్కుమని తెరుచుకుంది.

ఆమె కొక్కేన్ని ఎడమచేతిలోకి మార్చుకుంది.