నవీన చెప్పింది సార్

నవీన కనిపెట్టినది అనుదీప్ పేరు మీద చెల్లిపోయింది. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

భార్యాభర్తలిద్దరిదీ పంజాగుట్టలో ఒకే సాఫ్ట్‌వేర్ ఆఫీసు. మధురానగర్‌లోని ఇంటికి చేరాక మాత్రం అతను సోఫాలో కూర్చుంటాడు, ఆమె పొయ్యి ముందు నిలబడుతుంది. తాము రాసే బ్యాంకు ప్రోగ్రాం పాత మెషీన్ మీద నడుస్తూ కొత్తదాని మీద ఎందుకు చచ్చిపోతోందో ఆమెకు చపాతీలు ఒత్తుతుండగా తట్టింది. అక్కడి నుంచే అతనికి చెప్పింది. పాత మెషీన్‌లో సబ్‌ప్రోగ్రాం, అంటే పెద్ద ప్రోగ్రాం పనికి పిలిచే చిన్న ముక్క, దాని అడ్రసంటే మొదటి ఆదేశం ఉన్న చోటు, నేరుగా దూకవచ్చు. కొత్తదానిలో అడ్రసని చేతికిచ్చేది ఒక చిన్న చీటీ ఉన్న చోటు. ఆదేశాలు ఎక్కడున్నాయో, వాటి డేటా ఎక్కడుందో ఆ చీటీ విప్పితేనే తెలుస్తుంది. మనం విప్పకుండా చీటీ మీదికే దూకుతున్నాం. ఏ మెషీనో ముందు చూసుకోవాలని ఆమె ఇంకా చెప్పబోతుంటే అతను, "సమజైంది, సాలు," అని లేచి పోయాడు.

తెల్లారి మీటింగులో అది అతని మాటయింది. మేనేజర్ చక్రపాణి అతని భుజం తట్టి టీం లీడ్‌ని చేశాడు. ఇంట్లో అడిగితే నవ్వాడు. అమీర్‌పేట కోచింగ్ నాటి నుంచీ కలిసే చదివాం, నీదేంది నాదేంది అన్నాడు. అత్త లచ్చమ్మ పప్పు గిన్నె దగ్గరికి జరుపుకుంది.

"వానికి పేరొస్తే నీకొచ్చినట్టు గాదా పిల్లా?"

నవీన ఆ పప్పు వైపు చూసింది. కుదిరిన రోజు ఈ ఇంట్లో వండినదాని పేరు ఎవరూ ఎత్తరు. ఉప్పెక్కువైన రోజు అందరికీ గుర్తొస్తుంది. పెళ్లైన నాటి నుంచీ ఇదే వరస, ఆఫీసులో మాత్రం వేరేగా ఎందుకుంటుంది?

అనుదీప్ చీటీ విప్పే పనిని అన్ని మెషీన్లకూ పెట్టేశాడు. పాతదానిలో చీటీయే లేదు. ఆదేశాన్నే విప్పి, అందులోని అంకెలను అడ్రసనుకుని ప్రోగ్రాం ఎటో దూకింది. పాత మెషీన్లున్న బ్యాంకు బ్రాంచీలన్నీ పొద్దున్నే ఆగిపోయాయి. ఇదెవరి పని అని చక్రపాణి అందరి ముందూ అడిగాడు.

"నవీన చెప్పింది సార్," అన్నాడు అనుదీప్.

ఆ పనికి ఆమె పేరు ఆ ఆఫీసులో వినబడటం అదే మొదటిసారి. ఆమె లేచి బోర్డు మీద రెండు మెషీన్లూ గీసి, భర్త వినకుండా పోయిన సగం చెప్పింది. ఇది ముందే చెప్పాల్సింది కదమ్మా అన్నాడు చక్రపాణి. చెప్పనిచ్చినంత చెప్పిన సార్ అని, కూర్చుని మధ్యాహ్నానికి తనే సరిచేసింది.

సాయంత్రం అనుదీప్ వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. గొంతు తగ్గించాడు.

"ఇంకో రకం మెషీన్ వస్తుందంట. దాంట్ల అడ్రసంటే ఏందో జర చెప్పవా?"

ఆమె పొయ్యి ఆపింది.

"ఆఫీసుల అడుగు. అందరి ముందల, నా పేరు పెట్టి అడుగు. ఇంట్ల గీ ముచ్చట మళ్ల నా నోట్లకెల్లి రాదు."

రాలేదు.